ఒక కొట్టుకి ఒకే టేపు

ఇంటి పన్ను రెండింతలైందని కాగితం వస్తే ఎవరికైనా కోపమొస్తుంది. టేపు మాస్టారుకి నవ్వొచ్చింది. నోటీసు చేత్తో పట్టుకుని వసారాలో నిలబడి మీసాల్లోంచి నవ్వుతున్న మొగుణ్ణి చూసి ఆయన భార్య కంగారుపడింది.

"ఏమిటండీ ఆ నవ్వు? సరిగ్గా చదివారా?"

"నేను సరిగ్గానే చదివానే. వాళ్ళే సరిగ్గా కొలవలేదు."

సంగతి ఇదీ. ఆ ఊళ్ళో ఇల్లు ఏడు వందల చదరపు అడుగులు దాటితే పై తరగతి, దాటకపోతే కింది తరగతి. కిందటి నెలలో పన్నుల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి భుజాన సంచీ తగిలించుకుని వచ్చి, ఉక్కు టేపుతో ఇల్లంతా కొలుచుకుపోయింది. వెడల్పు ఇరవై నాలుగు, పొడవు ముప్పై, మొత్తం ఏడు వందల ఇరవై అని రాసింది. మాస్టారు ఆ సాయంత్రమే తన టేపు తీసి గోడగోడకీ పాకుతూ కొలిచారు. వెడల్పు ఇరవై మూడున్నర దాటలేదు. పొడవు ఇరవై తొమ్మిదిన్నరకి చేరనే లేదు. లెక్క కడితే ఆరు వందల తొంభై ఒకటి.

"ఇరవై తొమ్మిది అడుగులు ఎక్కువ రాసింది ఆ పిల్ల. మన ఇంట్లో లేని గది ఒకటి తనే కట్టేసింది" అన్నారు మాస్టారు. "అప్పీలు చేస్తాను."

"వద్దండీ. ఎలాగో కట్టేద్దాం" అంది భార్య.

ఆవిడ అంత త్వరగా చేతులెత్తేసే మనిషి కాదు. కూరలవాడి దగ్గర అరగంట బేరమాడి గెలిచి వచ్చే మనిషి. అలాంటిది రెండింతల పన్ను కట్టేద్దామంటోందంటే మాస్టారు అప్పుడే ఆలోచించాల్సింది. ఆయన ఆలోచించలేదు. టేపు విషయంలో ఆలోచించే అలవాటు ఆయనకి లేదు.

ఆ టేపు కథ కొంచెం చెప్పాలి. అది మైనం పూసిన గుడ్డ టేపు, అరవై అంగుళాలది, రెండు చివర్లా ఇత్తడి తొడుగులు. మాస్టారుకి కత్తెర పట్టడం నేర్పిన గురువుగారు, తన కుట్టు కొట్టు అప్పగించేటప్పుడు దాన్ని తన మెడలోంచి తీసి ఈయన మెడలో వేశారు. వేస్తూ రెండు మాటలు చెప్పారు. ఒకటి, కొట్టుకి ఒకే టేపు ఉండాలి. మనిషినీ బట్టనీ ఒకే టేపుతో కొలిస్తే కుట్టు ఎప్పుడూ తప్పదు. రెండు, రోజూ పొద్దున పని మొదలెట్టే ముందు టేపుకి నిద్ర వదిలించాలి. అంటే రెండు చివర్లూ పట్టుకుని ఫట్ ఫట్‌మని రెండుసార్లు గట్టిగా లాగాలి. మడతలు పోతాయి, చేతికి పని గుర్తొస్తుంది. ఇది జరిగి నలభై నాలుగేళ్ళు. జ్వరమొచ్చిన రోజున కూడా మాస్టారు మంచం మీద కూర్చునే ఆ రెండు లాగులూ లాగేవారు.

గురువుగారు చెప్పినట్టే కుట్టు ఎప్పుడూ తప్పలేదు. బిగుతైందనీ వదులైందనీ వెనక్కి తెచ్చినవాడు లేడు. పేరు అలా పెరిగిపోయింది. బట్టల కొట్లవాళ్ళకి మాత్రం ఆయనంటే హడల్. ఎవరు మూడు గజాల గుడ్డ తెచ్చినా ఈయన కొలిచి, "అంగుళం తక్కువుంది, మిమ్మల్ని ముంచేశాడు, వెళ్ళి అడగండి" అనేవారు. వాళ్ళు వెళ్ళి అడిగేవారు. పాపం ఆ కొట్టువాడు తల పట్టుకునేవాడు. టేపు మాస్టారన్న పేరు అలా వచ్చింది. ఆయన దాన్ని బిరుదులా మోశారు.

ఆ టేపు మాట మీదే ఆయన సొంత తమ్ముణ్ణి దొంగని చేశారు.

తమ్ముడు ఈయనకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. అదే కొట్లో పెరిగాడు, అక్కడే పని నేర్చుకున్నాడు. బజారంతా చిన్న మాస్టారని పిలిచేది. మెత్తటి మనిషి. అన్న ఎదుట గట్టిగా దగ్గేవాడు కూడా కాదు. ఒక ఏడాది స్కూళ్ళ యూనిఫారాల పని పెద్దగా దొరికింది. నలభై గజాల తానులు మిల్లు ముద్రతో వచ్చేవి. వాటిని విప్పి సర్దే బాధ్యత తమ్ముడిది, కత్తిరించడం అన్నది. మొదటి తానులో అర గజం తక్కువొచ్చింది. రెండోదాంట్లోనూ అంతే. వరసగా ఏడు తానులు, తానుకి అర గజం. మిల్లు ముద్ర అబద్ధం చెప్పదు, గురువుగారి టేపు అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది తమ్ముడే.

"అన్నయ్యా, బజార్లోంచి ఇంకో టేపు తెచ్చి ఒకసారి కొలుద్దాం" అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క మాటే అన్నాడు. దానికి మాస్టారు కొట్టు మెట్ల మీద, పదిమందీ చూస్తుండగా, వాడి చెంప ఛెళ్ళుమనిపించారు. "దొంగతనం చేసింది చాలక గురువుగారి టేపునే అనుమానిస్తావురా? దొంగవెధవా! మళ్ళీ ఈ మెట్టెక్కితే కాళ్ళు విరగ్గొడతా" అని అరిచారు. తమ్ముడు చెంప మీద చెయ్యి పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తానుల పని కొట్టుకి మళ్ళీ రాలేదు. ఇరవై ఒక్క ఏళ్ళయింది. గుడ్డ దొంగ అన్న పేరు పడ్డవాణ్ణి ఏ కుట్టు కొట్టువాడు చేర్చుకుంటాడు? ఊరి చివర ధాన్యం గోదాం గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. పదిహేనేళ్ళు ఆ గేటు దగ్గరే కూర్చుని, గుండె ఆగి పోయాడు. మాస్టారు కడసారి చూపుకి వెళ్ళి, గేటు బయటే నిలబడి, లోపలికి పోకుండా తిరిగొచ్చేశారు. తప్పు వాడిదే కదా, నేనెందుకు తల దించుకోవాలి అని దారంతా అనుకుంటూ వచ్చారు. ఆరేళ్ళుగా అదే అనుకుంటున్నారు. ఆయన నిద్రపోగలిగేది ఆ మాట మీదే.

అందుకని, ఈ అప్పీల్లో టేపు గనక తప్పని తేలితే ఆయన పోగొట్టుకునేది పన్ను డబ్బు కాదు. అది ఆయన భార్యకి తెలుసు. ఆయనకే తెలియదు.

అప్పీలు కాగితంలో 'అభ్యంతరానికి కారణం' అని పెద్ద గడి ఉంది. మాస్టారు అందులో 'మీ టేపు తప్పు' అని మూడు ముక్కలు రాసి సంతకం పెట్టేశారు. భార్య నిట్టూర్చి ఇంకో కాగితం తీసుకుని, అయ్యా అని మొదలుపెట్టి, గడి నిండేలా మర్యాదగా రాసి పెట్టింది.

పిలుపు వచ్చిన రోజున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టేపు మెడలో వేసుకుని ఆఫీసుకెళ్ళారు. బయట బెంచీ మీద వరసగా జనం. కుక్క గూటిని గదిగా రాశారని ఒకాయన ఫొటోలు పట్టుకొచ్చాడు. ఇంకొకావిడ ఇల్లు అమ్మేసి నాలుగేళ్ళయినా పన్ను తనకే వస్తోందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. మాస్టారు వాళ్ళందరికీ ధైర్యం చెప్పారు. కొలతన్నది ఒకటుంటే న్యాయం ఎక్కడికీ పోదన్నారు.

అప్పీళ్ళు వినే అధికారి బక్కపల్చటి మనిషి, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టి ఉంది. కాగితమంతా చదివి తలెత్తాడు.

"మీరు దేంతో కొలిచారండీ?"

మాస్టారు మెడలోంచి టేపు తీసి బల్ల మీద పరిచారు. అధికారి దాన్ని వేళ్ళతో తడిమాడు.

"ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు?"

"నా చేతికొచ్చి నలభై నాలుగేళ్ళు. గురువుగారి చేతిలో ఎన్నేళ్ళుందో నాకు తెలీదు."

అధికారి టేపుని చుట్టి ఆయన చేతికిచ్చాడు. "ఎల్లుండి పొద్దున మేమే వస్తాం. మీ ఎదురుగానే కొలుద్దాం" అన్నాడు. మాస్టారు సగం గెలిచేసినట్టే ఇంటికొచ్చారు.

అన్నట్టుగానే వచ్చారు, అధికారీ, కొలిచే అమ్మాయీ. మాస్టారు వసారాలో నిలబడి ముందుగా టేపుకి నిద్ర వదిలించారు. ఫట్, ఫట్. అమ్మాయి ఉలిక్కిపడింది.

"ఎందుకండీ అలా లాగుతారు?"

"నిద్ర వదిలించాలమ్మా. మా గురువుగారి పద్ధతి. రోజూ రెండు లాగులు, నలభై నాలుగేళ్ళుగా ఒక్క పూట మానలేదు" అన్నారు మాస్టారు గర్వంగా.

ఆ అమ్మాయి అధికారి మొహంలోకి చూసింది. అధికారి నేల వైపు చూశాడు.

కొలిచారు. ఉక్కు టేపు ముప్పై అంది, గుడ్డ టేపు ఇరవై తొమ్మిదీ చిల్లర అంది. మళ్ళీ కొలిచారు, మళ్ళీ అంతే. మాస్టారు వాదించేలోపే అధికారి చాలా నెమ్మదిగా, "రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామా మాస్టారూ?" అన్నాడు.

వసారా గచ్చు మీద రెండూ పరిచారు. ఈ చివర మాస్టారు స్వయంగా వేలితో అదిమి పట్టుకున్నారు. ఆ చివర అమ్మాయి వంగి చూసింది. అరవై దగ్గర ఆగాల్సిన ఇత్తడి తొడుగు ఉక్కు టేపు మీద అరవై ఒకటీ పావు దగ్గర ఆగింది.

"మీదే కుంచించుకుపోయి ఉంటుంది" అన్నారు మాస్టారు. గొంతులో అప్పటికే బిగువు తగ్గింది.

లోపల్నుంచి మాస్టారు భార్య ఒక చెక్క స్కేలు తెచ్చి పక్కన పెట్టింది. అది ఉక్కు టేపుతో గీతకి గీత కలిసింది. పన్నెండు అంగుళాల స్కేలు గుడ్డ టేపు మీద పదకొండు ముప్పావు చూపించింది.

అంతా అయిపోయింది. అధికారి కాగితాలు సర్దుకోబోయాడు. మాస్టారు మాత్రం గచ్చు మీంచి లేవలేదు. ఉక్కు టేపు చివర ఉన్న ఆ ఒకటింపావు అంగుళం వైపే చూస్తున్నారు.

"అమ్మాయ్, ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఇది ఎంత సాగి ఉంటుంది?"

"అదెలా చెప్పగలమండీ? రోజూ కొంచెం కొంచెం సాగి ఉంటుంది. ఇప్పటికి ఇంతయిందంటే, అప్పటికి ఇందులో సగమో, సగం కంటే కాస్త ఎక్కువో."

"ముప్పావు అనుకుందాం" అన్నారు మాస్టారు.

అరవై అంగుళాలకి ముప్పావు. నలభై గజాలంటే పద్నాలుగు వందల నలభై అంగుళాలు. అందులో అరవైలు ఇరవై నాలుగు. ఇరవై నాలుగు ముప్పావులు పద్దెనిమిది. జీవితమంతా కొలతల్లో బతికిన బుర్ర, ఆపమన్నా ఆగలేదు. పద్దెనిమిది అంగుళాలు. అర గజం.

తానుకి అర గజం.

మాస్టారు టేపు వదిలేసి, వసారా స్తంభానికి చేరగిలబడ్డారు. అధికారి కంగారుపడి, "పన్ను వాయిదాల్లో కట్టుకోవచ్చండీ, నేను రాసిస్తాను" అన్నాడు. పాపం ఆయనకేం తెలుసు.

"నాకు అనుమానంగానే ఉండేదండీ" అంది భార్య, స్కేలు ఒళ్ళో పెట్టుకుని. "మీరు కొలిచి చెప్పిన కొలతకి నేను కొన్న కర్టెన్లన్నీ అంగుళం పొట్టివే అయ్యేవి. మీరు కొట్టువాణ్ణి తిట్టేవారు. అడుగుదామనుకునేదాన్ని. భయమేసింది. అప్పటికే మరిది పోయాడు. ఇంక అడిగి మిమ్మల్ని కూడా చంపుకోవడం ఎందుకనుకున్నాను."

ఆవిడ మీద కేకలెయ్యడానికి మాస్టారు నోరు తెరిచారు. ఆవిడ ఒళ్ళో స్కేలు చూసి మూసేశారు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక టేపు కొనుక్కొచ్చి ఉంటే ఈ వసారాలో తమ్ముడు కూర్చుని ఉండేవాడు. ఒక టేపు. దానికి ఖర్చు ఎంతని? ఆయన చేసిన తప్పు గుడ్డ సాగడం కాదు. గుడ్డ సాగుతుంది. సొంత తమ్ముడి కన్నా గుడ్డని నమ్మడం ఆయన చేసిన తప్పు.

అధికారి గుమ్మం దిగుతుంటే మాస్టారు లేచి వెంటపడ్డారు.

"సార్, ఉత్తర్వు రాస్తారు కదా. టేపు ఎంత సాగిందో కూడా అందులో రాయండి. అంగుళాలతో సహా."

"అప్పీలు కొట్టేశామని రాస్తే చాలండీ. అంత వివరం మీకే నామోషీ కదా?"

"నామోషీ కావాలి సార్. రాసి, ముద్ర వేసి ఇప్పించండి. మీకు దణ్ణం పెడతాను."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'అప్పీలుదారు వాడిన గుడ్డ టేపు అరవై అంగుళాలకు ఒకటింపావు అంగుళం సాగి ఉన్నందున ఆయన కొలతలు చెల్లవు. కార్యాలయపు కొలతలు ఖాయం. అప్పీలు తిరస్కరించడమైనది.' కింద సంతకం, గుండ్రటి ముద్ర. మాస్టారు పన్ను పూర్తిగా కట్టేసి, ఆ కాగితానికి ఇంకో నకలు అడిగి తీసుకున్నారు. ఓడిపోయిన ఉత్తర్వుకి నకలు అడిగినవాణ్ణి ఆ గుమాస్తా తన సర్వీసులో చూడలేదట.

అక్కణ్ణుంచి తిన్నగా గోదాంకి వెళ్ళారు. తమ్ముడి భార్య ఇంకా గోదాంవాళ్ళు ఇచ్చిన ఒంటిగదిలోనే ఉంటోంది, గోనెసంచులకి చిరుగులు కుడుతూ. తలుపు తీసి ఈయన్ని చూసి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కుర్చీ మీద సంచులు తీసి కింద పెట్టింది. మాస్టారు కూర్చోలేదు. కాగితం చేతికిచ్చారు.

ఆవిడ నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది.

"తప్పు నాదమ్మా. వాడు ముట్టుకోలేదు" అన్నారు మాస్టారు.

"అది నాకు కాగితం మీద రాసి చెప్పాలా బావగారూ?" అందావిడ. గొంతు పెంచలేదు. "పదిహేనేళ్ళు ఆయన ఆ గేటు దగ్గర కూర్చున్నారు. లారీ కింద జారిపడ్డ గింజల్ని అందరూ ఊడ్చుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. ఆయన ఒక్క గింజ ఇంటికి తేలేదు. ఇంట్లో బియ్యం లేని రోజున కూడా తేలేదు. మళ్ళీ ఎవరైనా ఆ మాట అంటారేమోనని భయం. చెప్పులు కూడా గేటు దగ్గర దులుపుకుని వచ్చేవారు, గింజ ఇరుక్కుంటుందేమోనని."

మాస్టారు గుమ్మం దగ్గర విప్పిన తన చెప్పుల వైపు చూశారు.

"మీరు ఆ మాట నా ఇంట్లో అనలేదు. బజార్లో అన్నారు. అక్కడికెళ్ళి చెప్పండి." కాగితం మడిచి వెనక్కి ఇచ్చేసింది. గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది.

బజారు మారిపోయింది. మాస్టారు కొట్టు మూసేసి నాలుగేళ్ళయింది, అక్కడిప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. అటుపక్క టీ కొట్టు పోయి చెప్పుల దుకాణం వచ్చింది. పాతవాళ్ళలో మిగిలింది ఎదురుగా గుండీల కొట్టాయన ఒక్కడే. డెబ్బై దాటాయి, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి.

మాస్టారు ఆ పాత మెట్ల మీద నిలబడ్డారు. గొంతు సవరించుకుని, ఉత్తర్వు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా బిగ్గరగా చదివారు. చదివి, "నా తమ్ముడు దొంగ కాడు. ఇక్కడే కొట్టాను వాణ్ణి. వాడు దొంగ కాడు" అన్నారు. ఫోన్లు బాగుచేసే అతను తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. చెప్పుల దుకాణం ముందు బేరమాడుతున్న ఇద్దరు ఎవరీయన అన్నట్టు మొహాలు చూసుకున్నారు. ఆ మాట విన్న జనం ఎవరూ అక్కడ లేరు. మరి ఎవరి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవాలి?

"మాస్టారూ, ఇలా రండి" అని పిలిచాడు గుండీల కొట్టాయన.

ఆ కొట్లో గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఆయన స్టూలెక్కి, అన్నింటికంటే పైన ఉన్న సొరుగు లాగి, అడుగు దాకా వెతికి, మాసిపోయిన చిన్న కాగితం పొట్లం తీశాడు. పొట్లంలో టేపు. ఎవరూ విప్పని కొత్త టేపు. మడతల దగ్గర రంగు వెలిసింది.

"ఆ రోజు చెంప వాచిపోయి, మీ మెట్లు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు చిన్న మాస్టారు. ఇది కొని నా చేతికే ఇచ్చాడు. అన్నయ్య కోపం తగ్గాక వచ్చి టేపు అడుగుతాడు, అప్పుడివ్వండి, ఈలోగా మీ అంతట మీరు ఇవ్వకండి, పరువు తక్కువగా అనుకుంటాడు అన్నాడు. మీరు అడగలేదు. నేనివ్వబోతే నన్నూ కొడతారేమోనని నేనూ ఊరుకున్నాను. తరవాత మరిచిపోయాను మాస్టారూ. ఇప్పుడు మీరు చదువుతుంటే గుర్తొచ్చింది."

మాస్టారు టేపు విప్పారు. చేతులు వాటంతటవే రెండు చివర్లూ పట్టుకుని లాగడానికి లేచాయి. సగంలో ఆగిపోయాయి. మెల్లిగా దించి, టేపుని మళ్ళీ మడతల ప్రకారమే మడిచారు.

"దీనికి ఎంతివ్వమంటారు?" అన్నారు.

"ఏమీ అక్కర్లేదు. మీ తమ్ముడు ఆ రోజే ఇచ్చేశాడు. పైసాతో సహా."

మాస్టారు గుండీల కొట్టు మెట్టు మీద కూలబడి, పట్టపగలు, బజారంతా చూస్తుండగా, పసివాడిలా ఏడ్చారు.